జానెడు పల్లం

గుహ ముఖం శిబిరం
జూన్ 4

అక్కా,

క్షేమంగా దిగాను. ముందు ఆ మాట అమ్మకి చెప్పి, మిగతాది తర్వాత చదువు. ఇక్కణ్ణుంచి వారానికి ఒక్కసారి కొలతల కట్ట వెళ్తుంది. దానితోపాటు మనిషికి ఒక్క ఉత్తరం. ఫోన్లు లేవు, ఫొటోలు లేవు. నేనెంత వాగినా ఇందులోనే.

నువ్వు వంటింటి నేలమీద సుద్దముక్కతో ఎన్నిసార్లు గీసి చూపించావో, ఆ సొరంగం ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఎప్పుడో కరిగిన రాయి ఏరులా పారి, పైపొర గడ్డకట్టి, లోపలిది జారిపోగా మిగిలిన ఖాళీ. కప్పు ఒకచోట కూలి నుయ్యిలా నోరు తెరుచుకుంది. అందులోంచి తాళ్ళ మీద దిగుతాం. లోపల మన వీధి వీధంతా మేడలతో సహా పడుతుంది. చంద్రుడి కడుపులో ఇంత చోటుందని పైనుంచి చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది?

వెడల్పుగా ఉన్నంతమేర చక్రాల యంత్రమే కొలిచేసింది. కూలిన బండల గుట్ట దగ్గర చక్రం ఇరుక్కుని అక్కడే చతికిలబడింది. గుట్ట అవతల ఇంకా బోలెడు సొరంగం ఉంది, అది మనుషులే కొలవాలి. అంటే నేనే! మనం కొండ గుహల్లో చేసినట్టే. ఒకరు ముందుకెళ్ళి దీపంతో నిలబడాలి, వెనకున్నవాళ్ళు దూరం, దిక్కు, వాలు చూసి రాసుకోవాలి, మళ్ళీ కదలాలి. సూటుకి రెండు దీపాలు, కంటి పక్కన ఒకటి, మెడ కింద ఒకటి.

నాకు జతగా రాళ్ళు చదివే ఆవిణ్ణి ఇచ్చారు. శిబిరంలో అందరికీ ఆవిడ రాళ్ళావిడే. బంగారం లాంటి మనిషి. సరిగ్గా నా ఎత్తే, ఎదురుగా నిలబడితే అద్దంలో చూసుకున్నట్టుంటుంది. నేను సగం మాట అంటే మిగతా సగం ఆవిడ అందుకుంటుంది.

ఒక్కటే లోటు. ఒకే గీతని రెండు చివర్ల నుంచీ చూడాలని నువ్వు నెత్తిమీద మొట్టి మరీ నేర్పావు కానీ, సిలిండర్లో గాలికి నీ నియమాలు తెలీవు. ఇక్కడ ఒక్కసారి చూసి ముందుకి పోవాల్సిందే.

అసలు విశేషం ఇప్పుడు చెబుతున్నా. గుట్ట అవతల సొరంగం కిందికి దిగుతోంది! ఎవరూ అనుకోలేదు. మన గుహల పద్ధతే ఇక్కడా, ముందు అడుగుపెట్టినవాళ్ళదే పేరు పెట్టే హక్కు. రాళ్ళావిడ 'దిగుడు' అని పెట్టింది. కొలతలన్నీ నీ బల్లమీదకే వస్తాయట. అందంగా గీయి.

నీ పొట్టి

*

డ్రాయింగు గది
జూన్ 12

పొట్టీ,

అమ్మకి చెప్పాను. వెంటనే బాల్కనీలోకి వెళ్ళి చంద్రుణ్ణి చూసి, 'సగమే ఉన్నాడే, పిల్ల చీకటివైపు పడిందేమో' అని బెంగపెట్టుకుంది. తర్వాత పక్కింటావిణ్ణి పిలిచి, తను కట్టించిన ఇల్లు చూపించినట్టు వేలుపెట్టి మరీ చూపించింది. 'మరి మీ పెద్దమ్మాయి?' అని ఆవిడ అడిగితే, 'అది ఇక్కడే, ఆఫీసులో బొమ్మలేస్తుంది' అంది. బొమ్మలేస్తానట.

నిజం చెప్పనా? నాకు కడుపు మండిపోతోంది. గుహలో మోచేతుల మీద పాకడం నీకు నేర్పిందెవరు? గబ్బిలం కదిలితే నా జుట్టు పట్టుకుని వేలాడిందెవరు? ఈ ప్రయాణానికి పెట్టిన పరీక్షలన్నీ నెగ్గుకుంటూ చివరి గదిదాకా వెళ్ళాను. గుండె బాగుంది, కళ్ళు బాగున్నాయి. ఆ సూట్లు తొడిగేవాడు టేపు పట్టుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసి, 'జానెడు ఎక్కువున్నారమ్మా' అన్నాడు, ఏదో నేను కావాలని పెరిగినట్టు. వెనక వరసలో నువ్వు. ఆ సూటు నీకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. నిన్ను కావిలించుకుని నేను ఏడిస్తే, అక్కకి ఎంత సంతోషమో అని ఊరంతా చెప్పుకున్నావు.

ఇక్కడ నా బల్ల ఎక్కడుందో తెలుసా? కిటికీ దగ్గర కాదు. జిరాక్సు మిషను పక్కన. అది తిరిగినప్పుడల్లా నా మోకాళ్ళకి వేడిగాలి కొడుతుంది. పక్క బల్లవాడు రోజంతా బిస్కెట్లు నములుతూ తెరమీద పొడి రాలుస్తాడు. అలాంటిచోట కూర్చుని నీ చంద్రుణ్ణి గీస్తున్నా.

గాలికి నా నియమాలు తెలీకపోవచ్చు, రాయికి తెలుసు. వెనక్కి తిరిగి చూడని కొలత కొలతే కాదు. నేను ముందు నడుస్తుంటే నీ కళ్ళు సరిగ్గా నా మెడ ఎత్తుకి వచ్చేవి. అందుకే తలదీపం విప్పి మెడకి కట్టుకునేదాన్ని, నీ గురి తిన్నగా ఉండాలని. నేను నీ వైపు చూసేటప్పుడు నువ్వు దీపాన్ని జానెడు పైకెత్తి పట్టుకుని, చెయ్యి లాగేస్తోందని ఏడ్చేదానివి. నువ్వు సగం మాట అంటే మిగతా సగం అందుకోవడం అప్పట్లో నా పని. ఇప్పుడు ఎవరో రాళ్ళావిడకి ఇచ్చేశావన్నమాట.

గీస్తాలే. అందంగానే గీస్తా.

అక్క
(బొమ్మలేసేది)

*

గుహ ముఖం శిబిరం
జూన్ 19

అక్కా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. ఆ జిరాక్సు మిషను ముక్క దగ్గరికొచ్చేసరికి ఆపుకోలేక రాళ్ళావిడకి కూడా మొత్తం చదివి వినిపించాను. 'మీ అక్కయ్యకి భలే హాస్యమండీ' అంది. నీ మాటలు ఇప్పుడు శిబిరంలో అందరి నోటా ఉన్నాయి. ఎవరైనా ఆలస్యంగా వస్తే 'జానెడు ఎక్కువున్నారమ్మా' అంటున్నారు.

నువ్వు గీసిన మొదటి షీటు భోజనాల గదిలో అంటించాం. అందరూ ఆగి చూస్తున్నారు. రాళ్ళావిడ మాత్రం చాలాసేపు చూసి, 'మీ అక్కయ్య గీత ఇంత వాలుగా పోతోందేమిటి, నడిచేటప్పుడు నా కాళ్ళకి పల్లమేమీ తెలియలేదే' అంది. ఇక్కడ మన బరువు ఆరో వంతే కదా, ఈ దూది కాళ్ళకి పల్లమేం తెలుస్తుందండీ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పెద్ద వార్త. దిగుడు చివర ఓ పెద్ద గది ఉంది కదా, దానికి రెండో దారి పెడుతున్నారు. పైన నేలమీద, సరిగ్గా ఆ గది నెత్తిన, తవ్వే యంత్రాన్ని నిలబెట్టి కిందికి తవ్వుతారు. నీ మ్యాపు ప్రకారం సొరంగం అంత లోతుకి దిగింది కాబట్టి అక్కడ కప్పు బాగా మందమట, ఎంత బరువైనా మోస్తుందట. తవ్వే మొన కప్పులోంచి బయటపడేటప్పుడు కింద గదిలో నిలబడి చూసేది మేమిద్దరమే!

అంతా ఆ పల్లం చలవ. వచ్చే విడత జట్టుకి నన్నే పెద్దని చేస్తారని వినికిడి. అమ్మకి చెప్పు. పక్కింటావిడకి అమ్మే చెబుతుంది.

నీ పొట్టి

*

డ్రాయింగు గది
జూన్ 26

పొట్టీ,

ఉత్తరం నీకు రాశాను. రాళ్ళావిడకి కాదు, మీ భోజనాల గదికీ కాదు. నేను కడుపు మండి రాసింది వాళ్ళకి అన్నంలో నంజుకోవడానికి పనికొచ్చిందన్నమాట.

పైగా నా గీత వాలుగా పోతోందట! నేనేమైనా ఊహించి గీస్తున్నానా? మీరు పంపిన అంకెలు ఎటు పొమ్మంటే గీత అటు పోతుంది. ఆవిడ కాళ్ళకి పల్లం తెలియకపోతే ఆ కాళ్ళనే అడగమను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఆ మాట పుణ్యమా అని మీ దిగుడుని మొదటినుంచీ మళ్ళీ చూశాను. నాకు నచ్చలేదు. ఒక్క మలుపులోనూ పైకి లేవదు. బుద్ధిమంతుడైన పిల్లాడు మెట్లు దిగినట్టు దిగుతూనే ఉంటుంది. రాయికి అంత క్రమశిక్షణ ఎక్కడుంది? చూసే కన్ను నీదే, నీ కన్ను మీద నాకు అనుమానం లేదు. కానీ ముందు నిలబడి దీపం చూపించేది ఆవిడ. రాళ్ళు చదువుకున్న మనిషి, నిలబడటం చదువుకోలేదు. వంగి నిలబడుతోందేమో.

మా ఆఫీసు పెద్దాయనతో చెప్పాను, కొలతలు మళ్ళీ తీయించాలని. ఆయన కళ్ళజోడు నుదుటిమీదకి తోసి, 'ఏమ్మా, ఆ సూటు కోపం ఇంకా పోలేదా?' అన్నాడు. గది మొత్తం కిసుక్కుమంది. బిస్కెట్లవాడికి పొలమారింది. అయినా నేను రాసిచ్చిన కాగితం మీ శిబిరానికి పంపించాడు.

ఇది నీ మంచికే. అలా అనుకోవడం నీకు కష్టమని తెలుసు.

అక్క

*

గుహ ముఖం శిబిరం
జూలై 3

అక్కా,

మా శిబిరం పెద్ద నన్ను పిలిచి ఆ కాగితం అందరి ముందూ చదివాడు. కింద సంతకం నీది. రాళ్ళావిడ తల వంచుకుని కూర్చుంది. దురుసు మాట ఒక్కటీ అనని మనిషి.

నేను నవ్వుకున్న ఆ ఉత్తరాన్ని మళ్ళీ తీసి చదివాను. అందులో హాస్యం లేదని ఇప్పుడు తెలిసింది. నువ్వు ఏడ్చిందీ సంతోషంతో కాదని ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ నేనెంత వెర్రిదాన్నో కదా! జానెడు ఎక్కువ పుట్టడం నీ తప్పు కాదు. సరే. నా తప్పా? నాకొక మంచి జత దొరకడం తప్పా? నాకొక పల్లం దొరికితే అది కూడా ఉండకూడదా?

ఆవిడ వంగి నిలబడదు. కడ్డీలా నిలబడుతుంది. నేను మెడ దీపానికి గురిపెట్టి, ఊపిరి బిగబట్టి, వాలు చదివి, పైకి రెండుసార్లు చెప్పుకుని, అప్పుడు రాస్తాను. పన్నెండేళ్ళ వయసులో నువ్వు నేర్పినట్టే. ఒక్క ముక్క మార్చలేదు. ఇందులో తప్పుందంటే నీ చదువులోనే తప్పుంది.

'మళ్ళీ కొలవక్కర్లేదు, మా అక్క సంగతి నాకు తెలుసు' అని వాళ్ళకి చెప్పేశాను. యంత్రం పైన దిగింది. వచ్చే వారం తవ్వకం. మేము కింద ఉంటాం.

జవాబు రాయకు.

చెల్లి

*

డ్రాయింగు గది
జూలై 5

పొట్టీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి వారం ఆగకుండా ఈ ఉత్తరం పంపిస్తున్నాను. నన్ను తిట్టుకుంటూనే చదువు, కానీ చివరిదాకా చదువు.

మెడ దీపానికి గురిపెడుతున్నానన్నావు. ఎవరి మెడ?

నా మెడ నీ కంటి ఎత్తుకి వచ్చేది. ఆవిడ నీ అంతే ఉంటుంది, అద్దంలో చూసుకున్నట్టు ఉంటుందని నువ్వే రాశావు. ఆవిడ కన్ను నీ కంటి ఎత్తు. ఆవిడ మెడ దానికి జానెడు కింద. నేల చదునుగా ఉన్నా నీకు ప్రతి చూపులోనూ జానెడు పల్లం కనబడుతుంది, చూపు మీద చూపు చేరి అదే లోతవుతుంది. నువ్వు కంటి దీపానికి గురిపెట్టాలి తల్లీ.

నీ ఉత్తరం చదివి అంకెలు మళ్ళీ బయటికి తీశాను. పొడుగాటి గీతకి జానెడే, పొట్టి గీతకీ జానెడే. నేలే వాలి ఉంటే దూరం పెరిగినకొద్దీ పల్లం పెరగాలి కదా. పెరగలేదు. పల్లం నేలలో లేదు, నీ కంట్లో ఉంది. ఇది ముందే చూడాల్సింది నేను. నేను వెతికింది అంకెల్లో తప్పు కాదు, ఆ మనిషిలో తప్పు. ఆవిడ కాళ్ళు నిజమే చెప్పాయి.

ఇప్పుడు అసలు సంగతి విను. గీతలన్నీ ఎత్తి చూస్తే మీ సొరంగం ఎక్కడా దిగలేదు, చదునుగా పోయింది. ఆ చివరి గది మీద పైన నేల గిన్నెలా గుంటపడి ఉంది. కాగితం మీద పైనేల గీతా, గది కప్పు గీతా ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా వచ్చాయి. అక్కడ మందం లేదు పొట్టీ. అప్పడం లాంటి కప్పు మీద అంత బరువు యంత్రాన్ని ఎక్కించారు. కింద నువ్వు నిలబడతానంటున్నావు.

పెద్దాయన ఈసారి నవ్వలేదు. ఆపమని వెంటనే కబురు పెట్టాడు. మీ శిబిరం పెద్ద ఏమన్నాడో తెలుసా? 'కొలిచిన మనిషే బాగుందంటోంది, ఆ అక్క మాట ఒకసారి విన్నాం చాలు' అన్నాడట. అంటే ఇక నువ్వు చెబితేనే ఆగుతుంది. నా మాటకి విలువ లేకుండా చేసుకున్నది నేనే.

ఇది కూడా కుళ్ళుతోనే రాస్తున్నానా అని నన్ను నేను అడిగాను. కుళ్ళు పోలేదు, ఇక్కడే ఉంది, ఈ కుర్చీలో నాతోపాటు కూర్చునే ఉంది. నువ్వు జట్టుకి పెద్దవి కాకపోతే అది సంతోషిస్తుంది కూడా. కానీ జానెడు జానెడే. నా మాట నమ్మక్కర్లేదు. ఆ గది కప్పు కిందికి పోకుండా, దారిలో ఎక్కడైనా ఒక్కచోట పరికరం ఆవిడకిచ్చి, నీ మెడ దీపాన్ని చూడమను. ఒకే ఒక్క గీత. గాలి అంతకి సరిపోతుంది.

అమ్మకి ఏమీ చెప్పలేదు.

అక్క

*

గుహ ముఖం శిబిరం
జూలై 10

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులోనే ఉంది, విప్పలేదు. రాళ్ళావిడే 'చదవండి, అక్క కదా' అంది. చదివాక కూడా వెంటనే నమ్మలేదు. నీ తప్పు బయటపెట్టి ఈసారి నేను కాగితం పంపుదామనే పరికరం ఆవిడ చేతికిచ్చాను.

గుట్ట దాటిన మొదటి మలుపులో నిలబడ్డాం. నేను చూస్తే ఆవిడ నాకంటే పల్లంలో ఉంది. ఆవిడ చూస్తే నేను ఆవిడకంటే పల్లంలో ఉన్నాను. ఇద్దరం ఒకరికంటే ఒకరు కింద ఎలా ఉంటాం? కంటి దీపాలు చూసుకున్నాం. ఇద్దరం సమానం.

బయటికి వచ్చి చెప్పేశాను, పల్లం లేదు, తప్పు నాదేనని. అందరి ముందూ. యంత్రాన్ని వెనక్కి లాగారు. అది నిలబడిన చోట నేల వెంట్రుకవాసి నెర్రె ఇచ్చి ఉందట. తవ్వకం మొదలవ్వలేదు కాబట్టి సరిపోయింది.

ఆవిడ కాళ్ళు మొదటే చెప్పాయి. మనిద్దరం వినలేదు. నేను గర్వంతో, నువ్వు కుళ్ళుతో. ఆవిణ్ణి క్షమించమని అడిగాను, నీ తరఫున కూడా అడిగేశాను. కోప్పడకు.

జట్టుకి పెద్ద ఆవిడే అవుతుంది. నాకు కొంచెం మండుతోంది. ఇప్పుడు తెలిసింది అదెక్కడ మండుతుందో.

ఆవిడకి మన గుహల సంగతి అంతా చెప్పాను, నువ్వు మెడకి దీపం కట్టుకోవడం, నేను చెయ్యెత్తి ఏడవడం. అంతా విని, 'అయితే ఇన్నాళ్ళూ మీరు చూసింది నన్ను కాదండీ. నేను నిలబడ్డ ప్రతిచోటా మీ అక్కయ్య నిలబడి ఉంది' అంది. నవ్వుతూనే అంది కానీ, ముఖం అటు తిప్పుకుంది.

దిగుడు అనే పేరు ఇంక చెల్లదు. ముందు నడిచినవాళ్ళదే పేరు పెట్టే హక్కు కాబట్టి, నిన్నే అడగమంది రాళ్ళావిడ. అడుగుతున్నా.

నీ పొట్టి

*

డ్రాయింగు గది
జూలై 18

పొట్టీ,

అమ్మకి ఇప్పుడు చెప్పాను, అంతా అయ్యాక. సగం అర్థమైంది. 'అయితే నువ్వూ వెళ్ళొచ్చావన్నమాట' అని, పక్కింటావిడకి చెప్పడానికి చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది.

నీకు జట్టు పెద్దరికం పోయినందుకు నాలోని కుళ్ళు సంతోషిస్తుందని రాశాను కదా. ఒక పూట సంతోషించింది. రెండో పూటకి అన్నం సయించలేదు.

మ్యాపు సరిచేశాను. ప్రతి గీతనీ జానెడు పైకి లేపాలి, దాని తర్వాతవి దానితోపాటు లేస్తాయి. కంప్యూటరుకి ఒక్క మాట చెబితే రెప్పపాటులో చేసేసేది. నేను చెప్పలేదు. ఒక్కో గీతా నేనే లేపాను. పెద్దాయన వచ్చి వెనక నిలబడి చూసి వెళ్ళిపోయాడు. బిస్కెట్లవాడు నమలడం ఆపేశాడు.

సగంలో చెయ్యి ఆగిపోయింది. ఆ పల్లం నాది కదా పొట్టీ. చంద్రుడి మీద నేను ఉన్నది ఆ జానెడే. సూటు గదిలోంచి నన్ను బయటికి గెంటిన ఆ జానెడే నీ కంట్లో ఎక్కి అక్కడికొచ్చింది. రాళ్ళావిడ మీద నేను కుళ్ళిపోతూ కూర్చున్నన్ని రోజులూ నీ ముందు నడుస్తున్నది నేనే. ఆ సంగతి తెలిసిన గంటలోనే నీ నెత్తిన కప్పు నిలవదనీ తెలిసింది. సంతోషించడానికి కూడా తీరిక దొరకలేదు.

తర్వాత మిగతావి కూడా లేపేశాను. గుట్ట దగ్గర్నుంచి చివరి గదిదాకా, ప్రతిచోటా నన్ను తీసేశాను. ఇప్పుడు సొరంగం చదునుగా ఉంది. షీటు ఈ కట్టతోనే వస్తుంది. పాతది చింపెయ్యండి.

పేరు నన్ను అడగొద్దు. నేనక్కడ లేను. నడిచింది ఆవిడే, ఆవిణ్ణే పెట్టమను. నిలబడటం రాని మనిషి అని రాసినందుకు నా తరఫున నువ్వు అడిగిన క్షమాపణ చాలదు, నేనే విడిగా రాస్తాను.

రేపట్నుంచి ఆవిడ కంటి దీపం వైపు చూడు. మొదట్లో కొంచెం పైకి చూస్తున్నట్టుంటుంది. అలవాటు చేసుకో.

అక్క